తల్లి పోయినంక కొడుకు ఎక్కడుండాలె?



ఈసారి మీ ముందు పెడుతున్నది ఒక తల్లి అడిగిన ప్రశ్న. ఖానాపూర్ దగ్గర మా వాడలో ఒక ఆదివారం వందన అయిపోయింది. అందరం లేచి చెప్పులు తొడుక్కుంటున్నం. ఆమె మాత్రం లేవలేదు. 68 ఏండ్ల మనిషి. చిన్నప్పటి నుంచి బీడీలు చేసి చేసి వేళ్లు వంకర్లు పోయినయి. పక్కన చిన్న కొడుకు. అతనికి 34 ఏండ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. పేరు పెట్టి పిలిస్తే నవ్వుతడు, కంచం ముందు పెడితే తానే తింటడు, స్నానం మాత్రం తల్లి చేయించాలె. త్రిసరణం చెప్పేటప్పుడు నోటికి మాటలు రావు గానీ చేతులు జోడించడం ఒక్కనాడు కూడా మరువడు.

"బిడ్డా, నేను పోయినంక వీడెక్కడుండాలె?" అని అడిగింది.

నాకు జవాబు దొరకలేదు. అక్కడున్న వాళ్లలో ఎవరికీ దొరకలేదు. ఒకాయన "దేవుడున్నడు లే పెద్దమ్మా" అనబోయి, మనం దేవుణ్ని వదిలేసి వచ్చినోళ్లమని గుర్తొచ్చి ఆగిపోయిండు. దేవుడి మీద వేసే వీలు లేదు కాబట్టి ఆ ప్రశ్న తిరిగి మన మీదనే పడ్డది.

ఆమె సంగతి ఇది. పెనిమిటి పోయి చానా ఏండ్లయింది. పెద్ద కొడుకు గల్ఫ్‌ల ఉంటడు. అతని పైసలతోనే తండ్రి జాగలో స్లాబు ఇల్లు లేచింది. కోడలు, పిల్లలు ఆ ఇంట్లో ఉంటరు. తల్లి, చిన్న కొడుకు వెనుక రేకుల అర్రలో ఉంటరు. పెద్ద కొడుకు చెడ్డోడు కాదు. "అమ్మా, నీకు శాతనైతలేదు. మంచి వృద్ధాశ్రమంల చేర్పిస్త, నెలనెలా పైసలు నేనే కడ్త" అని ఫోన్ల చెప్పిండు. చిన్నోన్ని కూడా వెంట తీసుకపోవచ్చనుకొని తల్లి ఒప్పుకున్నది. ఆశ్రమం నడిపేటాయన కాగితాలు చూసిండు. "అమ్మను తీసుకుంటం, కొడుకును తీసుకోం. ఇక్కడ 60 ఏండ్లు నిండినోళ్లకే జాగ" అన్నడు. పిల్లల హోంకు పోయి అడిగితే 18 ఏండ్ల లోపు వాళ్లకే అన్నరు. అంటే ఆ కొడుకు ఒక చోటికి 16 ఏండ్లు ఆలస్యంగా వచ్చిండు, ఇంకో చోటికి 26 ఏండ్లు ముందుగా వచ్చిండు.

తల్లి మళ్లీ రేకుల అర్రకే వచ్చింది.

నియమం చెడ్డదా?

ఆశ్రమం ఆయనను తిట్టడం సులువు. తిట్టి ఇంటికి పోతే మనసు చల్లబడుతది గానీ ప్రశ్న అట్లనే ఉంటది. అందుకే ముందు ఆయన పక్షాన నిలబడి ఆలోచిద్దాం.

60 ఏండ్ల నియమం ఎందుకు పుట్టింది? ముసలోళ్లకని కట్టిన చోటును బలం ఉన్నోళ్లు ఆక్రమించుకోకుండ ఉండటానికి. ముసలితనంలో నిద్ర తక్కువ, మందులు ఎక్కువ, కొంచెం అలజడి అయినా గుండె దడ. 2007లో పార్లమెంటు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. 60 ఏండ్లు నిండినోళ్లే వయోవృద్ధులు అని అందులో ఉంది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగే ఆశ్రమాలను రాష్ట్రాలు పెట్టవచ్చని 19వ సెక్షన్ చెప్తది. ఇవన్నీ బలం లేనోళ్లను కాపాడటానికి పెట్టినవే. నియమం వెనుక కరుణ ఉంది. దాన్ని కాదనలేం.

కానీ మా వాడ తల్లి విషయంలో ఏమైంది? బలహీనులను కాపాడటానికి పెట్టిన నియమం ఒక బలహీనురాలిని, ఆమెకన్నా బలహీనుడైన కొడుకును విడదీసింది. తల్లి లోపలికి రావాలంటే కొడుకును బయట వదలాలె. కొడుకుతో ఉండాలంటే తాను లోపలికి రావద్దు. ఆ కాగితం మీద వయసు ఒక్కటే రాసుంది. ఎవరి మీద ఎవరు ఆధారపడి బతుకుతున్నరో రాసే గడి లేదు.

బాబాసాహెబ్ 1936లో అచ్చువేసిన 'కులనిర్మూలన'లో నియమానికీ సూత్రానికీ మధ్య తేడా చెప్పిండు. నియమం అంటే ఇది చెయ్యి, ఇట్ల చెయ్యి అనే ఆజ్ఞ. సూత్రం అంటే చేసే పని మంచిదా కాదా అని మన బుద్ధితో కొలుచుకునే కొలత. నియమం ప్రకారం నడిచేటోనికి బాధ్యత ఉండదు, రాసినట్టు చేస్తే చాలు. సూత్రం ప్రకారం నడిచేటోడు ప్రతిసారి ఆలోచించాలె, తాను చేసిన దానికి తానే జవాబు చెప్పాలె. హిందూమతం నియమాల మూట అయిపోయిందనీ, నిజమైన ధర్మం సూత్రాల మీద నిలబడాలనీ ఆయన వాదన.

ఈ కొలతను మన తల్లి విషయానికి పెట్టి చూడండి. "60 ఏండ్లు నిండాలె" అనేది నియమం. "తమను తాము చూసుకోలేనోళ్లకు నెమ్మదిగా, గౌరవంగా బతికే చోటు ఉండాలె" అనేది దాని వెనుకున్న సూత్రం. ఆ కొడుకు నియమానికి సరిపోడు, సూత్రానికి నిండుగా సరిపోతడు. అటువంటప్పుడు నియమాన్ని పట్టుకొని సూత్రాన్ని వదిలేస్తే, ఇల్లు కాపాడాలని కొన్న తాళంతోనే ఇంటోన్ని బయట పెట్టి తాళం వేసినట్టు.

"ఒక్కరికి ఒప్పుకుంటే రేపు అందరూ కొడుకులను, మనుమలను తెచ్చి దించుతరు" అంటరు. దించరు. వైకల్యం సర్టిఫికెట్ ఉండి, ఆ వృద్ధుల మీదనే ఆధారపడి, చూసేటోళ్లు ఇంకెవరూ లేనోళ్లకే అని షరతు పెట్టుకోవచ్చు. "పడుచు మొగోడు, ముసలి ఆడోళ్ల మధ్య ఎట్ల?" అంటరు. ఆ భయాన్ని కొట్టి పారేయొద్దు. కానీ భయపడాల్సిన మనిషా కాదా అని ఆ ఒక్క మనిషిని చూసి తేల్చాలె. తల్లీకొడుకులకు వేరే అర్ర ఇచ్చి, ఒక నెల చూసి నిర్ణయించొచ్చు. "చూసుకునే మనుషులు చాలరు" అంటరు. ఇది నిజమైన కష్టం. దీనికి పైసలు కావాలె, సర్కారు సాయం కావాలె. అయితే పైసలు లేవని చెప్పడం వేరు, నీకు అర్హత లేదని చెప్పడం వేరు. మొదటి దానికి మనం కలిసి కొట్లాడొచ్చు. రెండో మాట మనిషిని కొంచెపరుస్తది.

వేరే దేశంలో ఎట్ల చేసిండ్రు?

అమెరికాలో వృద్ధులకే ప్రత్యేకమైన కాలనీలు ఉన్నయి. మన తెలుగోళ్ల తల్లిదండ్రులు కూడా ఇప్పుడు అక్కడ ముసలోళ్లవుతున్నరు కాబట్టి ఇది మనకు దూరపు ముచ్చట కాదు. అక్కడ 1988లో ఇండ్ల చట్టాన్ని సవరించి, పిల్లలున్నరని గానీ వైకల్యం ఉందని గానీ ఇల్లు ఇవ్వకపోవడం చట్టవిరుద్ధం చేసిండ్రు. వికలాంగుల కోసం నియమాలను సముచితంగా సడలించాలని కూడా అందులోనే పెట్టిండ్రు. వృద్ధుల కాలనీలకు మాత్రం పిల్లల విషయంలో మినహాయింపు ఉంది. 1995 చట్టం ప్రకారం 55 ఏండ్ల కాలనీ అనిపించుకోవాలంటే నూటికి 80 ఇండ్లలో కనీసం ఒక్కరికి 55 నిండాలె. అంటే వంద ఇండ్లలో 20 ఇండ్ల మేర సందు చట్టమే ఉంచింది.

కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకో అడుగు ముందుకు పోయింది. వృద్ధుల కాలనీలో ఉండే మనిషి కొడుకు, బిడ్డ, మనుమడు, మనుమరాలు వికలాంగులై, ఆ పెద్ద మనిషి దగ్గర ఉండవలసిన అవసరం ఉంటే, వాళ్ల వయసుతో పని లేకుండా అక్కడ ఉండే హక్కు చట్టంలోనే రాసింది. వృద్ధుల కాలనీ వృద్ధుల కాలనీగానే ఉంది. దాని నెమ్మది చెడిపోలేదు. నియమాన్ని పడగొట్టకుండనే సూత్రాన్ని నిలబెట్టవచ్చని దీన్ని బట్టి తెలుస్తది.

మన దేశంలో కూడా చట్టం పూర్తిగా మూగది కాదు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతున్నది. దాని 5వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు అందరితో పాటు సమాజంలో బతికే హక్కు ఉంది. ఇక్కడే ఉండాలని ఎవరూ వాళ్లను ఒక చోట కట్టిపడేయకూడదు. మానసిక వ్యాధి ఉన్నోళ్లకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇటువంటి హక్కే ఇచ్చింది. ఇల్లు లేదనో, కుటుంబం తీసుకుపోతలేదనో ఆ మనిషిని దవాఖానలో పడేసి ఉంచకూడదని చెప్పింది. చట్టం ఉంది. దాన్ని చేతికి తీసుకొని పోయి అడిగేటోళ్లు తక్కువ.

ఇల్లు ఎవరిది?

ఇప్పుడు మన ఇంట్లకే వద్దాం. ఆశ్రమం గేటు దగ్గర అడిగిన ప్రశ్న మన గడప దగ్గర కూడా అడగాలె. తల్లీకొడుకులు రేకుల అర్రలో ఎందుకున్నరు?

"వాడికేం తెలుస్తది, వాడికెందుకు వాటా?" అనే మాట మన ఇండ్లల్లో ఎంత మామూలుగా వినబడుతదో మీకు తెలుసు. ఈ మాట ఎక్కడ రాసుందో కూడా తెలుసుకోవాలె. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఉంది. పుట్టు గుడ్డోళ్లు, చెవిటోళ్లు, మూగోళ్లు, పిచ్చోళ్లు, బుద్ధి ఎదగనోళ్లు, అవయవ లోపం ఉన్నోళ్లకు ఆస్తిలో పాలు లేదని అక్కడ రాసిండ్రు. వాళ్లకు తిండి, బట్ట ఇస్తే చాలన్నరు. మనల్ని ఊరి బయట ఉంచిన పుస్తకమే వాళ్లను ఇంటి వెనుక ఉంచింది.

1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టిండ్రు. మరుసటి ఏడాది, 1928లో, బ్రిటిష్ ఇండియాలో వచ్చిన ఒక చట్టం గుడ్డి, చెవిటి, కుంటి వాళ్లకు వారసత్వం ఇచ్చింది. కానీ పుట్టుకతో పిచ్చి, బుద్ధిమాంద్యం ఉన్నోళ్లను మాత్రం అప్పుడు కూడా బయటనే ఉంచింది. మా వాడ చిన్న కొడుకు అప్పుడు పుట్టుంటే ఆ చట్టం కూడా అతన్ని దాటిపోయేది.

హిందూ కోడ్ బిల్లు కోసం బాబాసాహెబ్ ఎంత కొట్లాడిండో, అది ఆగిపోయినందుకు 1951 సెప్టెంబర్‌లో మంత్రి పదవినే ఎట్ల వదులుకున్నడో మనకు తెలుసు. ఆడోళ్ల హక్కుల కోసమని చెప్పుకుంటం, అది నిజమే. తరువాత ఆ బిల్లును ముక్కలు చేసి 1955, 1956లలో నాలుగు చట్టాలు చేసిండ్రు. వాటిలో ఒకటి 1956 వారసత్వ చట్టం. దాని 28వ సెక్షన్‌ను ఎవరూ పెద్దగా చెప్పరు. రోగం, లోపం, అంగవైకల్యం కారణంగా ఎవరికీ ఆస్తి హక్కు పోదని ఆ సెక్షన్ చెప్తది. వెయ్యేండ్లకు పైబడి నడిచిన మాట ఒక్క సెక్షన్‌తో రద్దయింది. అదే ఏడాది అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నడు.

"మనం బౌద్ధులం కదా, హిందూ వారసత్వ చట్టం మనకెట్ల వర్తిస్తది?" అని కొందరు అడుగుతరు. పేరు ఏదైనా, ఆ చట్టం బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడా వర్తిస్తదని దాంట్లోనే రాసుంది. కాబట్టి తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత జాగలో భార్యకు, కొడుకులకు, బిడ్డలకు తలా ఒక సమాన వాటా ఉంటది. బుద్ధి ఎదగని కొడుకుకు కూడా అంతే. 2016 చట్టం 13వ సెక్షన్ కూడా వికలాంగులకు ఆస్తి పొందే, అనుభవించే హక్కు మిగతా వాళ్లతో సమానంగా ఉందని మళ్లీ చెప్పింది. మా వాడ సంగతిలో స్లాబు పైసలు పెద్ద కొడుకువి కావొచ్చు. స్లాబు కింది జాగ తండ్రిది. ఆ జాగలో చిన్నోడు దయ మీద ఉంటలేడు, హక్కు మీద ఉంటున్నడు.

పెద్ద కొడుకు కష్టాన్ని తక్కువ చేస్తలేను. ఎండలో, అప్పుల కింద, పెండ్లాం పిల్లలకు దూరంగా ఉండి పంపిన పైసలు అవి. కోడలి కష్టం కూడా ఉంది. అత్తకు శాతకాకుంటే మరిదికి స్నానం ఎవరు చేయించాలె? ఈ ప్రశ్నను ఆ ఒక్క ఆడమనిషి నెత్తిన పెట్టి మనం న్యాయం మాట్లాడితే అది న్యాయం కాదు. చిన్నోడి హక్కు ఇంటి మీద ఉంది. అతని భారం మాత్రం అందరి మీద ఉండాలె.

పాత్ర మీద చెయ్యి

చూళపంథకుడి కథ మీలో చాలామందికి తెలుసు. అయినా ఈ ప్రశ్నను మనసులో పెట్టుకొని మళ్లీ వినండి.

అన్నదమ్ములిద్దరూ భిక్షువులు. అన్న మహాపంథకుడు తెలివైనవాడు. తమ్ముడికి నాలుగు నెలలైనా ఒక్క గాథ కంఠస్థం కాలేదు. సంఘానికి వచ్చే భోజన ఆహ్వానాలు పంచే పని అన్నది. వైద్యుడు జీవకుడు భిక్షువులను భోజనానికి పిలిచినప్పుడు అన్న తమ్ముణ్ని లెక్కలో నుంచి తీసేశాడు. నీ వల్ల కాదు, వెళ్లిపొమ్మన్నాడు. పరాయివాడు కాదు, సొంత అన్న. అతని కోపానికి కూడా ఒక నియమం అండగా ఉంది: నేర్చుకోలేని వాడికి ఇక్కడ పనేమిటి?

తమ్ముడు గేటు దగ్గర ఏడుస్తూ నిలబడ్డాడు. బుద్ధుడు అతని దగ్గరికి వచ్చి చేయి పట్టి లోపలికి తీసుకుపోయాడు. గాథలు అడగలేదు. అతను చేయగలిగిన పని ఇచ్చాడు. ఒక తెల్లని బట్ట చేతికిచ్చి, మురికి పోతుందని అంటూ రుద్దుతుండమన్నాడు. రుద్దేకొద్దీ బట్ట మాసింది. దాన్ని చూసి అతనికి అనిత్యం అర్థమైంది. గాథలతో రానిది బట్టతో వచ్చింది.

జీవకుడి ఇంట్లో ఏమైందో ఇంకా ముఖ్యం. అన్నం వడ్డించబోతే బుద్ధుడు తన పాత్ర మీద చెయ్యి పెట్టాడు. విహారంలో ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. మనిషిని పంపి చూళపంథకుణ్ని పిలిపించిన తరువాతనే భోజనం సాగింది. చివర ధమ్మం చెప్పే పని కూడా అతనికే ఇచ్చాడు. మన వందనలో, మన పంక్తి భోజనాల్లో పాత్ర మీద చెయ్యి పెట్టి "ఇంకెవరైనా మిగిలిపోయిండ్రా?" అని అడిగేటోళ్లు ఎందరు?

ఇంకొకటి. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఇతన్ని ఎందుకు చూడలేదని బుద్ధుడు అడిగితే, ఇతని వల్ల మాకేమీ పని జరగదని మిగతా భిక్షువులు చెప్పారు. ఆ జవాబును గుర్తుపెట్టుకోండి. వృద్ధాశ్రమం గేటు దగ్గరైనా, అన్న ఇంట్లోనైనా లోలోపల నడిచే లెక్క అదే. పనికొస్తడా, రాడా? రోగిని చూడటం నన్ను చూడటమే అన్న అర్థంలో బుద్ధుడు వాళ్లకు బుద్ధి చెప్పాడు. ఆ లెక్కనే తిప్పేశాడు.

సంఘం కూడా వద్దన్నది కదా?

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది. దాన్ని దాటేసి పోతే మనం కూడా పురాణాలు చెప్పేటోళ్లమే అవుతం.

వినయ పిటకంలో సంఘ ప్రవేశానికి గట్టి నియమాలు ఉన్నయి. 20 ఏండ్లు నిండకపోతే ఉపసంపద లేదు. మహావగ్గలో గుడ్డి, చెవిటి, కుంటి వాళ్లకు, చేతులు కాళ్లు లేనోళ్లకు ప్రవ్రజ్య ఇవ్వొద్దని ఉంది. కుష్ఠు, గడ్డలు, చర్మవ్యాధి, క్షయ, మూర్ఛ అనే ఐదు రోగాలున్నోళ్లను చేర్చుకోవద్దని ఉంది. ఈ ఐదు రోగాల నియమం జీవకుడి కోరిక మీదనే వచ్చింది. ఆయన చేత వైద్యం చేయించుకోవడానికే జనం సంఘంలో చేరి, నయం కాగానే చీవరం విడిచి పోయేటోళ్లు. మరి బుద్ధుడి సంఘమే వయసు, వైకల్యం చూసి గేటు వేస్తే, వృద్ధాశ్రమాన్ని మనం ఎట్ల తప్పు పడతం?

నాకు తోచిన జవాబు ఇది. సంఘం ఇల్లు కాదు. భిక్ష మీద బతుకుతూ, ఊరూరా తిరుగుతూ, కఠినమైన శిక్షణ తీసుకునే ఒక గుంపు. అందులో చేరడం ఒక పనిలో చేరడం. చేరినంక రోగం వస్తే, చూపు పోతే వెళ్లగొట్టలేదు. కండ్లు పోయిన చక్ఖుపాలుడు సంఘంలోనే ఉన్నాడు. ఉపాసకుల మార్గంలో అయితే ఏ గేటూ లేదు. గూని ఉన్న దాసి ఖుజ్జుత్తర ధమ్మం విని వచ్చి రాణి సామావతికి, అంతఃపురం ఆడోళ్లకు బోధించింది. బాగా విని నేర్చిన ఉపాసికలలో మొదటిదిగా పేరు తెచ్చుకుంది. చేరే చోటు వేరు, బతికే చోటు వేరు. బతికే చోటు నుంచి మనిషిని తీసేసే నియమం బుద్ధుడు పెట్టలేదు.

అయినా ఆ ప్రవేశ నియమాలన్నీ నాకు సమ్మతమేనని చెప్పను. గుడ్డోడు ధ్యానం ఎందుకు చేయలేడు? ఆ కాలానికి అవి అవసరమై ఉండొచ్చు. ఈ కాలంలో వాటిని సూత్రంతో కొలిచి చూసే స్వేచ్ఛ కాలాములకు బుద్ధుడే ఇచ్చాడు, మనకు బాబాసాహెబ్ మళ్లీ ఇచ్చిండు. మన పుస్తకాన్ని మనమే పరీక్ష పెట్టుకోగలిగితేనే పక్కోడి నియమాన్ని ప్రశ్నించే అర్హత మనకు ఉంటది.

ఇంకో మాట. "పోయిన జన్మల ఏం పాపం చేసిండో" అనే మాట మన వాడల్లో ఇంకా చావలేదు. దీక్ష తీసుకున్న ఇండ్లల్లో కూడా వినబడుతది. 1957లో అచ్చయిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ఈ పూర్వజన్మ కర్మను తిప్పికొట్టిండు. పేదోళ్ల, కిందోళ్ల స్థితికి రాజ్యం, సమాజం బాధ్యత నుంచి తప్పించుకోవడానికి తప్ప ఆ సిద్ధాంతం ఇంకెందుకూ పనికిరాదని ఆయన వాదన. అంటరానితనాన్ని మన పూర్వజన్మ మీద వేసిన నోళ్లే ఆ పిల్లగాని బుద్ధిమాంద్యాన్ని కూడా పూర్వజన్మ మీద వేస్తయి. ఒకటి అబద్ధమైతే రెండోది కూడా అబద్ధమే. అట్లనే సర్కారు ఇప్పుడు "దివ్యాంగులు" అంటున్నది. పాపం అనొద్దు, దివ్యం అని కూడా అనొద్దు. మనిషి అనండి, అతని వాటా అతనికి ఇవ్వండి.

మన గోదావరి ఒడ్డున

ఖానాపూర్ వాళ్లకు బాదనకుర్తి కొత్త కాదు. గోదావరి పాయల మధ్య ఉన్న ఆ ఊరే సుత్తనిపాతంలో చెప్పిన బావరి ఆశ్రమ స్థలమని మన వైపు పెద్దలు, కొందరు పరిశోధకులు చెప్తరు. బావరి ముసలివాడై తాను పోలేక, 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లలో పింగియుడు కూడా ముసలివాడే. వ్యాఖ్యానాల ప్రకారం బావరికి మేనల్లుడు. చూపు మసక, చెవులు సరిగా వినబడవు, ఒంట్లో బలం లేదు. తన ఈ స్థితిని దాచుకోకుండ బుద్ధుడికి చెప్పుకొని, చనిపోయేలోపు ధమ్మం తెలియాలని అడిగాడు. నువ్వు ముసలోడివి, సరిగా వినబడదు, నీకెందుకని ఎవరూ అనలేదు. గోదావరి ఒడ్డుకు తిరిగొచ్చి, శరీరం అంత దూరం పోలేకపోయినా మనసు బుద్ధుడి దగ్గరనే ఉంటుందని మామకు చెప్పుకున్నాడు.

ముసలి మామ, చూపు తగ్గిన మేనల్లుడు, ఒక్క చూరు కింద. మన నేల మీద ధమ్మం మొదటి అడుగు అట్లాంటి ఇంట్లోకే వచ్చింది. ఇయ్యాల మన ఇండ్లు అంతకన్నా ఇరుకు అయిపోవద్దు.

ఏం చేయాలె?

తల్లి అడిగిన దానికి కరుణ ఒక్కటే జవాబు కాదు. కరుణకు కాగితం కూడా కావాలె. సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రుల బాధ్యతలు చెప్తూ, సరైన సమయంలో పిల్లలకు ఆస్తి అప్పగించడం కూడా ఒకటిగా బుద్ధుడు చెప్పాడు. సరైన సమయం అంటే మనం బతికుండగా అని.

మొదటిది, వైకల్యం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు తీయించండి. 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే చాలా హక్కులు తెరుచుకుంటయి. 2023లో 4016 రూపాయలకు పెరిగిన వికలాంగుల పింఛన్ ఆ మనిషిది. అది ఇంటి ఖర్చులో కలిసిపోకుండ అతని మీదనే ఖర్చు కావాలె.

రెండోది, సంరక్షకుణ్ని ముందే నిర్ణయించండి. 18 ఏండ్లు నిండిన బిడ్డకు తల్లి అయినా చట్టం దృష్టిలో తనంతట తాను సంరక్షకురాలు కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నోళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నియమించిన సంరక్షకుడు ఆరు నెలల్లో ఆ మనిషి ఆస్తి జాబితా ఇవ్వాలె, ఏటా లెక్క చూపాలె. సరిగా చూడకపోతే తీసేయించొచ్చు. మన వాళ్లకు నిర్మల్ కలెక్టరేట్ దూరం కాదు.

మూడోది, తల్లిదండ్రులు తమ వాటా మీద వీలునామా రాసి రిజిస్టర్ చేయించండి. బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఆ కొడుకో బిడ్డో ఉండే హక్కు స్పష్టంగా రాయించండి. దూరాన ఉన్న కొడుకును కూడా కూర్చోబెట్టి, అతని ముందే రాయించండి. చాటున రాసింది తరువాత కొట్లాట అవుతది.

నాలుగోది, 2016 చట్టం 37వ సెక్షన్ ప్రకారం సర్కారు ఇండ్ల పథకాల్లో, భూమి పంపిణీలో 5 శాతం వికలాంగులకు ఇవ్వాలె, వాళ్లలో కూడా ఆడోళ్లకు ముందు. ఇందిరమ్మ ఇండ్ల జాబితా చదివేటప్పుడు, వార్డు సభ అయినా గ్రామసభ అయినా, "ఈ 5 శాతం ఎక్కడ?" అని ఒక్కరు లేచి అడగాలె.

ఐదోది, వృద్ధాశ్రమం కాదంటే నోటి మాటతో వెనక్కి రావొద్దు. దరఖాస్తు రాసి ఇవ్వండి, జవాబు రాతలో అడగండి. ఆ కాగితంతో కలెక్టర్ దగ్గరికి, రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికి పోవచ్చు. తల్లి, వికలాంగుడైన కొడుకు కలిసి ఉండే చోటు ప్రతి జిల్లాలో కావాలని మన సంఘాలు కలిసి అడగాలె.

ఆఖరుది మన చేతిలో ఉన్నది. ప్రతి అంబేద్కర్ సంఘం, ప్రతి విహారం తమ వాడలో ఇట్లాంటి ఇండ్లు ఎన్నున్నయో రాసి పెట్టుకోవాలె. కోడలికి వారంలో ఒక్క పూట విడుపు దొరికేటట్టు వంతులు వేసుకోవాలె. మొగోళ్లు కూడా వంతుకు రావాలె. స్నానం చేయించడం ఆడోళ్ల పని అని ఏ సుత్తంలోనూ లేదు. బుద్ధుడు తన చేతులతో కడిగిండు.

మా వాడ తల్లికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయిన. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టినం, సంరక్షకుడుగా పెద్ద కొడుకు పేరు, అతనికి తోడు వాడలో ఒక ఉపాసకుని పేరు రాసినం. పెద్ద కొడుకు ఫోన్ల చానాసేపు మాట్లాడకుండ ఉండి, "వాడు నా తమ్ముడే కదా, రాయుండ్రి" అన్నడు. కాగితం ఇంకా తేలలేదు. రేకుల అర్ర ఇంకా రేకుల అర్రనే.

పోయిన ఆదివారం వందన అయినంక ఆమె మళ్లీ కూర్చున్నది. ఈసారి అడగలేదు. మేమే అడిగినం, "పెద్దమ్మా, ఈ వారం స్నానం వంతు ఎవరిది?" అని. ఆమె కొడుకు తానే అని చెయ్యి లేపిండు. అందరం నవ్వినం, అతను కూడా నవ్విండు.

మీ వాడలో ఈ ప్రశ్న ఎవరు అడుగుతున్నరో, లేదా అడగలేక ఊకున్నరో, ఈ పుస్తకం మూసినంక ఒక్కసారి పోయి చూడండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.